రోజు విడిచి రోజు వచ్చే అమ్మవారు

అక్టోబరు 31, 1976, ఆదివారం

ఇవాళ కూడా గంగమ్మ గుడి దగ్గర కూర్చుని వచ్చాను. గుడి అంటే నాలుగు కర్రల మీద ఒక రేకు, రేకు కింద పసుపు పూసిన రాయి. ఒడ్డున డోంగీ పడవలు లాగి పెట్టే చోటే అది. కళ్ళు మూసుకుని మనసు నిలబెట్టాలనుకున్నాను. ముందు దోమ వచ్చింది. తర్వాత పొయ్యి ఆర్పానా లేదా అన్న అనుమానం వచ్చింది. ఆ తర్వాత దానయ్య. నన్ను వదిలి మద్రాసులో అతను కాపురం పెట్టిన ఆవిడకి రెండో పిల్లాడు పుట్టాడని ఓడ దిగిన ఖలాసీ ఎవడో చెప్పిపోయాడు. నా మొగుడికి కొడుకు పుడితే నాకు పరాయివాడు వచ్చి చెప్పాలి. ఇంక కళ్ళు మూసుకుని ఏం లాభమని లేచి వచ్చేశాను.

అత్త పోయి ఐదు నెలలైంది. కొడుకు వదిలేసినా కోడల్ని ఆవిడ వదల్లేదు. అత్త కాళమ్మ ఒంటి మీదికి ప్రతి మంగళవారం అమ్మవారు వచ్చేది. ఈ దీవుల్లో, హోప్ టౌన్‌లో ఉన్న మా తెలుగు గడపల వాళ్ళు ఆవిడ నోటి మాట వినకుండా పడవ కదిపేవారు కాదు. ఇప్పుడు ఆ పీట నాది అని అందరి ఆశ. రేవులో ఓడ కోసం చూసినట్టు నావైపు చూస్తారు. రాని ఓడ నేనేం చెయ్యను!

ఇంటికొచ్చి అన్నం పెట్టుకుంటే పక్కింటి కామమ్మ కూతురు బుల్లి తలుపు తోసుకొచ్చింది. నాలుగేళ్ళు నిండలేదు, పెత్తనం మాత్రం నిండా ఉంది. "పెద్దమ్మా, సేప ముక్క" అని నా కంచంలో చెయ్యి పెట్టింది. ముళ్ళు తీసి తీసి పెట్టేసరికి నా అన్నం చల్లారిపోయింది. ముళ్ళు తీస్తున్నంతసేపు దానయ్య గానీ, మద్రాసు గానీ గుర్తు రాలేదు. ఇది రాసుకోవలసిన సంగతి కాదు. ఊరికే రాశాను.

నవంబరు 2, మంగళవారం

కామమ్మ అత్త తవిటమ్మ వేపమండలు పట్టుకొచ్చి నన్ను రాయి ముందు కూర్చోబెట్టింది. డప్పు కొట్టారు. సాంబ్రాణి పొగకి కళ్ళు మండాయి. జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నా ఎడమ పాదం తిమ్మిరెక్కితే కాస్త కదిపాను. "కదులుతంది, కదులుతంది!" అంది తవిటమ్మ. పాదమే కదిలింది. అంతకు మించి ఏమీ కదల్లేదు.

పొద్దుగూకేసరికి ఒక్కొక్కరే లేచారు. నన్ను అక్కగా చూసే కామమ్మ మొగుడు మల్లేశు జాలిపడి, "పోన్లే అప్పా, అందరికీ వచ్చీస్తదేటి?" అన్నాడు. తిట్టినా బావుండేది.

అత్త ఉన్న రోజుల్లో ఈ ఇల్లు సంతలా ఉండేది. ఇవాళ నా గొంతు నేను విన్నది ఒకే ఒక్కసారి, పిల్లిని అదిలించినప్పుడు.

నవంబరు 5

వాన. ఎవరూ రాలేదు. బుల్లి కూడా.

నవంబరు 10, బుధవారం

నిన్నటి సంగతి రాయాలి.

మధ్యాహ్నం బట్టలు ఉతుకుతుంటే వెన్నులో చలి మొదలైంది. ఎండ మాడిపోతోంది, నాకు చలి. సరిగ్గా అప్పుడే తవిటమ్మ గుడికి రమ్మని వచ్చింది. వెళ్ళి కూర్చున్నాను. డప్పు మొదలవకుండానే పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. చేతులు ఆగలేదు. ముడి ఊడి జుట్టు ముఖం మీద పడింది. "వచ్చీసింది! గంగమ్మ తల్లి వచ్చీసింది!" అని కేకలు. ఎవరో కడవెడు పసుపు నీళ్ళు నెత్తిన కుమ్మరించారు. అసలే వణుకుతున్నదాన్ని. "వద్దు, వద్దు!" అని అరిచాను. ఇంకో కడవ ఎత్తారు. "వద్దంటే వద్దు!" అన్నాను. తర్వాత ఏమైందో తెలీదు. తెలివొచ్చేసరికి ఇంట్లో చాప మీద ఉన్నాను, కాళ్ళ దగ్గర మందార పూలు.

నేను వద్దన్నది నీళ్ళు. వాళ్ళు పడవలు అనుకున్నారు. ఇవాళ ఒక్క డోంగీ కదల్లేదు. సముద్రం తేటగా, పళ్ళెంలా ఉంది. మల్లేశు ఒడ్డున కూర్చుని దాన్ని గుడ్లురిమి చూస్తున్నాడు. ఎవరింట్లోనూ పొయ్యి రెండోసారి రాజలేదు.

చెప్పేద్దామనుకున్నాను. కానీ ఏమని చెప్పను? జ్వరమే అయితే పొద్దున్నకి ఒళ్ళు ఇంత తేలికపడుతుందా? అత్తకి కూడా మర్నాడు తేలిగ్గా ఉండేదట. నాకేం తెలుసు? అమ్మవారు ఎలా వస్తుందో ఎవరైనా నాకు ముందే చెప్పారా?

నవంబరు 11, గురువారం

మళ్ళీ వచ్చింది. అదే మధ్యాహ్నం వేళ.

అందరూ చుట్టూ చేరారు. "పడవలు పంపమంటావేటి తల్లీ?" అని మల్లేశే అడిగాడు. నా దవడ కొట్టుకుంటోంది, తల ఆడుతోంది. తల ఊపాననుకున్నారు. అరగంటలో డోంగీలన్నీ నీళ్ళలో ఉన్నాయి.

నవంబరు 12, శుక్రవారం

డోంగీలు మునిగేటన్ని కవళ్ళ చేపలు పడ్డాయి. ఊరంతా చేప పొలుసే. నా గుమ్మం ముందు కొబ్బరికాయలు, అరటిపళ్ళు, జాకెట్టు గుడ్డ. పదిహేనేళ్ళుగా నన్ను పేరు పెట్టి "ఒలే ఎరుకా" అని పిలిచిన తవిటమ్మ చేతులు కట్టుకుని "తల్లీ" అంటోంది. నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. నిజం చెప్పాలంటే అంత నవ్వేం రాలేదు. వినడానికి బాగానే ఉంది.

కామమ్మ పులుసు గిన్నె తెచ్చి గడప అవతల పెట్టింది. "కూకోవే కామా, మీ ఇంటి కప్పు కారడం తగ్గిందా?" అన్నాను. "అమ్మో, నీ ఎదర నాను కూకోడమేటి తల్లీ" అని వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. బుల్లి తోసుకు రాబోతే తవిటమ్మ రెక్క పట్టుకుని ఆపింది. "అమ్మోరి కంచం ఎంగిలి సెయ్యకూడదే గుంటా."

పులుసు బావుంది. ముళ్ళు నేనే తీసుకుని నేనే తిన్నాను. ఇంతమంది వచ్చిపోయాక ఇంకా ఏదో వెలితి అనుకోవడం నా ఆశ కాకపోతే ఏమిటి?

నవంబరు 13, శనివారం

చలి వచ్చి తగ్గి, చెమటలో తడిసి పడుకుని ఉండగా డిస్పెన్సరీ కాంపౌండర్ గణేశ్వరరావు వచ్చాడు. వారానికోసారి ఫెర్రీ దాటి మా వైపు వస్తాడు. ఇక్కడే పుట్టినవాడు, డెలానీపూర్‌లో ఇల్లు. తెలుగు మాట్లాడుతుంటే మధ్యలో హిందీ తగులుతుంది. నా కళ్ళు చూసి, వేలు పొడిచి, గాజుపలక మీద నెత్తుటి చుక్క తీసుకున్నాడు.

"దీదీ, ఏ తో మలేరియా హై. రోజు విడిచి రోజు, అదే టైముకి వస్తోంది కదా?"

"అమ్మవారికి డ్యూటీ టైము ఉండకూడదా భయ్యా?"

"అమ్మవారి సంగతి నాకు తెలీదు. ఈ జ్వరానికి మాత్రం పక్కా టైము." నవ్వి, మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. "అన్నం తిన్నాక వేసుకో. తగ్గిందని మధ్యలో బంద్ చెయ్యకు."

మాత్రలు ఆవాల డబ్బాలో పెట్టాను. రేపటి నుంచి వేసుకుంటాను. ఇవాళ కడుపులో బాగా లేదు.

నవంబరు 14

మాత్ర రేపు.

నవంబరు 15, సోమవారం

వచ్చింది. డాలీగంజ్ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు నన్ను చూడటానికే ఫెర్రీ ఎక్కి వచ్చారు. ఒకావిడ నా పాదాల మీద పడి ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో అడుగుదామంటే పళ్ళు కొట్టుకుంటున్నాయి. చలి తగ్గేసరికి ఆవిడ వెళ్ళిపోయింది. ఆ ఏడుపు దేనికో ఇప్పుడు నాకు ఎప్పటికీ తెలీదు.

మాత్ర రేపు.

నవంబరు 16, మంగళవారం

ఇవాళ అమ్మవారి రోజు. అమ్మవారు రాలేదు, నిన్ననే వచ్చి పోయింది కాబట్టి. డప్పు కొట్టినవాడికి చేతులు నొప్పి పుట్టాయి. "ఎవులో మైల కలిపీసినారు" అని తవిటమ్మ తీర్పు చెప్పింది. పాపం, మొన్న బిడ్డ పుట్టిన గురువమ్మని అందరూ కలిసి తిట్టారు. ఆ పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికి పోయింది. నేను రాయిలా కూర్చుని చూశాను.

నాకు తెలుసు. శనివారం నుంచే తెలుసు. అసలు మొదటి రోజే తెలుసేమో. ఇక్కడ కూడా రాయడానికి చెయ్యి రాలేదు. మాత్ర వేసుకుంటే చలి పోతుంది. చలి పోతే మనుషులు పోతారు.

డబ్బా మూత బిగుసుకుపోయింది. రేపు తీస్తాను.

నవంబరు 17, బుధవారం

మధ్యాహ్నం నా వంతు చలి నేను వణికాను. జనం సంతోషించారు.

సాయంత్రం గోడ అవతల నుంచి మూలుగు వినిపించింది. బుల్లిది. వెళ్ళాను. గది నిండా వేపాకు పొగ. దాని ఒంటి మీద పసుపు, నుదుటి మీద రూపాయంత బొట్టు. ముట్టుకుంటే చెయ్యి కాలింది. తవిటమ్మ కళ్ళలో నీళ్ళు, అవి సంతోషంతో వచ్చినవి. "సిన్న తల్లి కూడా వచ్చీసింది మా ఇంటికి."

ఆదివారం నుంచీ ఇలాగే ఉందట. గోడకి ఇవతలే ఉన్నాను, నాకెందుకు చెప్పలేదే కామా అని అడిగాను. "నీకు తెలవకుండా ఉంటదేటి తల్లీ?" అంది.

ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నాను. తవిటమ్మ నవ్వింది. "నువ్వే వచ్చి దాని ఒంట్లో కూకుంటే ఇంకా ఆస్పత్రేటి? సూది పొడిస్తే తల్లికి కోపం రాదేటి?" మల్లేశు పడవ మీద పోయాడు, రేపు సాయంత్రానికి గానీ రాడు. మగదిక్కు లేని ఇంట్లో తవిటమ్మ మాటే మాట. మళ్ళీ మళ్ళీ చెప్పాను. గట్టిగా చెప్పాను. కామమ్మ అత్త ముఖం చూసింది తప్ప నా ముఖం చూడలేదు.

ఇంటికొచ్చి ఆవాల డబ్బా రాతికేసి కొట్టి మూత తీశాను. మాత్ర వేసుకున్నాను. చేదు. ఈ చేదు నాలుగు రోజుల కిందటే మింగి ఉంటే ఆ పిల్ల ఒంటికి ఎవరూ పసుపు పూసేవారు కాదు.

నవంబరు 18, గురువారం (రాసింది ఆస్పత్రి వరండాలో)

పొద్దున్నే వెళ్ళాను. బుల్లి తల ఎత్తడం లేదు. పిలిస్తే పలకడం లేదు. గుమ్మం ముందు సగం ఊరు ఉంది. అందరి ఎదుటా మాత్రలు అరచేతిలో పెట్టి చూపించాను.

"నాకొచ్చింది అమ్మవారు కాదు, మలేరియా. ఇదిగో మందు. రోజు విడిచి రోజు వస్తోంది, లెక్క చూసుకోండి. అందుకే మంగళవారం రాలేదు. గురువమ్మ మైలా లేదు, ఏమీ లేదు. ఈ గుంటకీ అదే జ్వరం. ఫెర్రీ ఎక్కించండి."

కోప్పడతారని, రాళ్ళేస్తారని కూడా అనుకున్నాను. తవిటమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. "తల్లి మన్ని పరీచ్చ సేస్తంది. మన నమ్మకం ఏపాటిదో సూస్తంది." అందరూ దణ్ణం పెట్టారు. నాకు ఏడుపొచ్చింది. నా ఏడుపుకి కూడా దణ్ణం పెట్టారు.

అప్పుడు బుల్లికి ఫిట్సు వచ్చాయి. కళ్ళు తేలేసింది. చిన్న చిన్న చేతులు కొట్టుకున్నాయి. "వచ్చింది, వచ్చింది" అని డప్పు కోసం ఎవరో పరిగెత్తారు.

ఇవాళ నాకు చలి వచ్చే రోజు కాదు. ఒంట్లో వణుకు లేదు, జ్వరం లేదు. జుట్టు ముడి నా చేత్తో నేనే విప్పాను. తవిటమ్మ చేతిలోంచి వేపమండ లాక్కున్నాను. అత్త ఎలా ఊగేదో తెలుసు, ఇన్నేళ్ళు చూశాను కదా. అలా ఊగాను. అత్త గొంతు తెచ్చుకుని అరిచాను.

"ఎవుర్తివే నా గుంటని పొగలో పడీసింది? నా నీళ్ళ మీంచి దాటించమన్నానా లేదా? అవతలొడ్డున సూది రూపంలో నానే కూకున్నాను. బేగి దాటించకపోతే ఒక్క డోంగీ తిరిగి రానివ్వను!"

మల్లేశు సముద్రం మీద ఉన్నాడు. ఆ మాట అనకూడదు. అన్నాను.

తవిటమ్మే పిల్లని భుజాన వేసుకుని జెట్టీకి పరిగెత్తింది, ఆ వయసులో.

ఫెర్రీలో జనం మాకు బల్లంతా వదిలేసి దూరంగా నిలబడ్డారు. జుట్టు విరబోసుకున్న నా ఒళ్ళో బుల్లి. ఊపిరి తీస్తోందా లేదా అని చూశాను. లోపలికి. బయటికి. కాసేపు ఆగుతుంది. మళ్ళీ లోపలికి. అదొక్కటే చూశాను. ఇంజన్ చప్పుడు వినిపించలేదు. దానయ్య లేడు, అత్త లేదు, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్న లెక్క లేదు. నేను ఉన్నానా అంటే అదీ తెలీదు. గుడి దగ్గర కళ్ళు మూసుకుని నెలల తరబడి వెతికినది ఇదేనేమో. ఇలా దొరుకుతుందని తెలిస్తే వెతికి ఉండేదాన్ని కాదు.

నవంబరు 19

జ్వరం తలకెక్కిందన్నారు. ఇంకా కళ్ళు తెరవలేదు. కామమ్మ వరండా ఆ చివర కూర్చుంది, నేను ఈ చివర. ఆ దూరం తనే పెట్టుకుంది.

నవంబరు 21, ఆదివారం

కళ్ళు తెరిచింది. నీళ్ళు అడిగింది. తాగి, నర్సు చెయ్యి కొరికింది. ఇంక ఫరవాలేదు.

గణేశ్వరరావు చూడటానికి వచ్చాడు. ఊళ్ళో జరిగింది అప్పటికే విన్నాడు. "సచ్ బోలో దీదీ, అదంతా నాటకమేనా?" అని మెల్లగా అడిగాడు.

"మొదటిది జ్వరం భయ్యా. రెండోది నాటకం. ఊరు మాత్రం రెండోదే ఎక్కువ నమ్మింది."

అతను నవ్వలేదు. "బచ్చీ బచ్ గయీ. బస్. పిల్ల బతికింది, అంతే" అన్నాడు. మాత్రలు అయిపోయేదాకా వేసుకున్నానా అని అడిగి వెళ్ళాడు.

నవంబరు 24, బుధవారం

ఇల్లు. మధ్యాహ్నం వేళకి ఒళ్ళు అలవాటుగా చలి కోసం చూసింది. రాలేదు.

వల కుడుతుంటే అత్త గుర్తొచ్చింది. మంగళవారం జనమంతా వెళ్ళాక ఆవిడ పెరటి గోడ వైపు తిరిగి కూర్చునేది. అన్నం తీసుకెళితే నా ముఖం చూసేది కాదు. అమ్మవారు దిగాక అలసట అనుకునేదాన్ని. ఇప్పుడు అనిపిస్తోంది, ఆవిడ కూడా ఎప్పుడో ఒకసారి ఎవరి పిల్లనో దాటించడానికి ఊగిందేమో. తర్వాత ఆపడం కుదరలేదేమో. లేక నిజంగానే వచ్చేదేమో. అడగడానికి మనిషి లేదు. పక్కన కూర్చుని ఒక్క ముద్దయినా కలిపి పెట్టి ఉండాల్సింది. అంత దగ్గరగా బతికి అంత ఒంటరిగా వదిలేశాను ఆవిణ్ణి.

నవంబరు 30, మంగళవారం

వచ్చారు. మునుపటికి రెండింతలు వచ్చారు.

చలి లేదు, ఊగలేదు. మామూలుగా కూర్చుని మామూలు గొంతుతోనే చెప్పాను. "వణుకొచ్చిన మనిషి నా దగ్గరికి రాకూడదు, కాంపౌండర్ దగ్గరికి పోవాలి. పడవల సంగతి ఆకాశం చూసి, నీళ్ళు చూసి మీరే తేల్చుకోండి. గురువమ్మకి మైల అంటగట్టినవాళ్ళు వెళ్ళి తప్పయిందని చెప్పండి." అందరూ బుద్ధిగా తలలూపారు. నన్ను నమ్మకండి అని కూడా చెబుదామనుకున్నాను. ఆ మాట వింటే మళ్ళీ పరీక్ష అంటారు. రేపు ఇంకో పిల్లకి జ్వరం వస్తే ఈ గొంతే కావాలి. నోరు మూసుకున్నాను.

మల్లేశు కవళ్ళ బుట్ట పెట్టి వెళ్ళాడు. అప్పా అనలేదు.

డిసెంబరు 3, శుక్రవారం

బుల్లిని ఇంటికి తెచ్చారు. స్నానం చేయించి, కొత్త గౌను వేసి, ముందుగా నా దగ్గరికే తీసుకొచ్చారు. చిక్కిపోయింది, కళ్ళు పెద్దవైపోయాయి. కామమ్మ మెడ వంచి నా పాదాల దగ్గర దణ్ణం పెట్టించింది. చెప్పినట్టే పెట్టింది.

"రావే, సేప ఏపినాను" అన్నాను. అది తల్లి కొంగు వెనక్కి పోయి ఒక్క కన్నుతో చూసింది. ఆ రోజు జుట్టు విరబోసుకుని అరిచిన నేనే గుర్తున్నానేమో.

"పిలుస్తంది కదే, ఎల్లు" అంది కామమ్మ. మళ్ళీ తనే భయపడి, "తప్పు, ముట్టుకోకూడదు, దూరం నుంచే" అంది. తిరిగి చూడకుండా వెళ్ళారు.

ఏడ్చాను. చాలాసేపు. అది బతికే ఉంది అనుకుంటూ ఏడ్చాను.

డిసెంబరు 5, ఆదివారం

గుడి దగ్గరికి వెళ్ళలేదు. మల్లేశు వల గుమ్మంలో పెట్టి పోతే పొద్దుటి నుంచి అదే కుడుతున్నాను. తాబేలు చింపినట్టుంది, పెద్ద చిల్లు. ముడి మీద ముడి వేస్తుంటే మనసు ఎటూ పోలేదు. పోతే వేలికి దారం కోసుకుంటోంది, మళ్ళీ వస్తోంది. ఒంటరితనం పోలేదు. ఎదురుగా కూర్చుంది, దాని పని అది చేసుకుంటోంది.

ఇందాకటి నుంచి బయట ఇసకలో చిన్న అడుగులు పరిగెడుతున్నాయి. బుల్లివి. వెనక కామమ్మ కేకలు, దాని నవ్వు. నా గుమ్మం ముందు నుంచి అటు పోతోంది, మళ్ళీ ఇటు వస్తోంది. తలుపు తీస్తే ఆగిపోతుంది, చేతులు జోడిస్తుంది. అందుకని తియ్యలేదు. వల ఒళ్ళో పెట్టుకుని వింటున్నాను.